పొయ్యి అడుగున గాజు రాయి

పొగ రాని పెల్లెట్ పొయ్యికి బూడిద గడ్డలే పెద్ద తలనొప్పి. మూలం మాత్రం పొయ్యిలో కన్నా అందులో వేసే ఇంధనంలోనే ఎక్కువ.

పొద్దున్నే పొయ్యి శుభ్రం చేస్తుంటే చేతికి మెత్తటి బూడిద తగలాలి. దానికి బదులు కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెం లాంటి నల్లటి గడ్డ తగిలిందంటే ఆ పూట వంట ఆలస్యమైనట్టే. గాలి రావలసిన చిల్లులు సగం పూడిపోయి ఉంటాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కానీ మంట లేవదు. కాసేపటికి, వదిలిపోయిందనుకున్న పొగ మళ్లీ వంటింట్లో కమ్ముకుంటుంది. ఇంజనీర్లు క్లింకర్ అని పిలిచేది ఈ గడ్డనే.

మన దేశంలో పెల్లెట్ పొయ్యిని ఇళ్లకు చేర్చడానికి జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ‘ఊర్జా’ ఒకటి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిజ్ఞానంతో చమురు సంస్థ బీపీ దాన్ని 2006లో మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత ఆ వ్యాపారం ఫస్ట్ ఎనర్జీ అనే సంస్థగా విడిపోయింది. దాని రూపకర్తల్లో ఒకరైన హెచ్.ఎస్. ముకుంద, ఆయన సహచరులు 2010లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం నాలుగు రాష్ట్రాల్లో 4 లక్షలకు పైగా పొయ్యిలు, 30,000 టన్నుల పెల్లెట్లు అమ్ముడయ్యాయి.

ఒకప్పుడు రంపంపొట్టు పొయ్యి వాడిన ఇళ్లకు ఈ పద్ధతి మరీ కొత్తేమీ కాదు. అక్కడ పొట్టును కూరితే ఇక్కడ పెల్లెట్లు నింపుతారు. పంట వ్యర్థాలను గట్టిగా నొక్కి చేసిన గుళికలివి. పైనుంచి అంటిస్తే మంట మెల్లగా కిందికి దిగుతుంది. 1.5 వాట్ల చిన్న ఫ్యాన్ అడుగు నుంచి కొంత, పై అంచు నుంచి కొంత గాలి పంపుతుంది. పెల్లెట్ల నుంచి వెలువడే వాయువు పైన పూర్తిగా మండిపోతుంది కాబట్టి పొగ రాదు. నీళ్లు మరిగించే పరీక్షలో దీని సామర్థ్యం దాదాపు 50 శాతానికి చేరింది. అయితే పెల్లెట్లలో బూడిద 10 శాతం లోపే ఉండాలని, మించితే బూడిద కరిగి అడుగు పళ్లేనికి అంటుకుంటుందని, సామర్థ్యం తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుందని రూపకర్తలే హెచ్చరించారు.

గాజు సూత్రమే

బూడిద ఎందుకు కరుగుతుంది? జవాబు గాజు తయారీలో ఉంది. ఇసుకలోని సిలికా కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. గాజు చేసేవాళ్లు అందులో సోడా కలిపి చాలా తక్కువ వేడికే కరిగిస్తారు. మొక్కల్లోని పొటాషియం కూడా అదే పని చేస్తుంది. సిలికా, పొటాషియం తగిన పాళ్లలో కలిస్తే 800 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది. ఫ్యాన్ గాలి తగిలిన నిప్పుల వేడి అంతకు మించిపోతుంది. కరిగిన బూడిద పక్కనున్న రేణువులను అతికించుకుంటుంది, చల్లారాక రాయి అవుతుంది.

అందుకే ఏ పంట నుంచి వచ్చిన పెల్లెట్ అన్నది ముఖ్యం. బెరడు తీసిన కలపలో బూడిద 1 శాతం లోపే ఉంటుంది. వరి ఊకలో 20 శాతం దాకా ఉన్నా అందులో 90 శాతం సిలికాయే, పొటాషియం తక్కువ. కాబట్టి అది అంత సులువుగా కరగదు కానీ రాశిగా మిగిలి గాలికి అడ్డుపడుతుంది. వరి గడ్డిలో రెండు చిక్కులూ ఉన్నాయి. బూడిద ఎక్కువ, దాంట్లో సిలికాతోపాటు పొటాషియం కూడా దండిగా ఉంటుంది. వేరుశనగ పొట్టు బూడిద వీటికన్నా చాలా తక్కువే. అయితే నేల నుంచి అంటుకొచ్చిన మట్టి ఆ లెక్కను తారుమారు చేస్తుంది.

ఇంట్లో చేయగలిగింది

ముందుగా చల్లారిన బూడిదను పరిశీలించాలి. పొడిగా ఉంటే ఇబ్బంది లేదు. వేళ్లతో నలిపితే చిట్లే పెళ్లలైతే రోజూ తీసేస్తే సరిపోతుంది. గాజులా మెరిసే గట్టి గడ్డయితే పెల్లెట్ మార్చడమే మందు. పాత బూడిద మీద కొత్త పెల్లెట్లు పోయకూడదు. ప్రతిసారీ పొయ్యి దులిపి, సన్నటి ఊచతో చిల్లులు తెరవాలి. మంట తగ్గి నిప్పులు మాత్రమే మిగిలాక ఫ్యాన్ వేగం తగ్గిస్తే వేడి అదుపులో ఉంటుంది. అంటుకున్న గడ్డను వేడి మీద నీళ్లు చల్లి ఊడదీయాలని చూస్తే పళ్లెం పగలొచ్చు. పొగ రావడం మొదలైతే కిటికీ తెరిచి పొయ్యిని బయటికి చేర్చడం క్షేమం. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనబడదు, వాసనా ఉండదు.

చలి దేశాల్లో గది వేడికి పెల్లెట్ పొయ్యిలు వాడేవారికీ ఈ తిప్పలు తప్పవు. అయితే అక్కడ కొనేవారికి కొంత భరోసా ఉంది. ఐరోపాలో ‘ఎన్‌ప్లస్ ఎ1’ ముద్ర పొందాలంటే చెక్క పెల్లెట్లలో బూడిద 0.7 శాతం మించకూడదు, 1,200 డిగ్రీల లోపు ఆ బూడిద మెత్తబడకూడదు. గడ్డిని మండించే డెన్మార్క్ విద్యుత్ కేంద్రాలకు వానలో నానిన గడ్డే మేలు. పొటాషియం, క్లోరిన్ నీటితో కొట్టుకుపోతాయి.

ఈ పాఠం ఇప్పుడు మనకూ అవసరమే. పొలాల్లో తగలబెట్టే గడ్డిని పెల్లెట్లుగా మార్చి బొగ్గుతో కలిపి వాడాలని 2021లో కేంద్రం థర్మల్ కేంద్రాలకు నిబంధన పెట్టింది. అక్కడ బాయిలర్‌ను కనిపెట్టుకుని ఉండటానికి ఇంజనీర్లుంటారు. వంటింట్లో ఆ పని ఇల్లాలి నెత్తినే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్లలోని కాలుష్యం 32 లక్షల మందిని బలిగొంది. పొగలేని పొయ్యి అటకెక్కితే మళ్లీ కట్టెల పొయ్యే గతి.

ఊర్జా పొయ్యిలు ఇళ్లలో మూలనపడడానికి ప్రధాన కారణం పెల్లెట్ల ధర పెరగడం. తయారీ సంస్థ క్రమంగా హోటళ్లు, పెద్ద వంటశాలల వైపు మళ్లింది. 2016లో మొదలైన ఉజ్వల పథకంతో గ్యాస్ కోట్ల ఇళ్లకు చేరింది. సిలిండర్ ధర భారమైనప్పుడల్లా పెల్లెట్ మళ్లీ గుర్తొస్తుంది. ఈసారి బస్తా మీద బరువు, ధరలతోపాటు బూడిద ఎంత శాతమో, ఎంత వేడికి కరుగుతుందో కూడా రాస్తే సగం సమస్య దుకాణంలోనే తీరిపోతుంది. మిగతా సగానికి ఓ ఇనుప ఊచ చాలు.