రూపాయి బిళ్ళలు రెండు, దారి రెండు వేల కిలోమీటర్లు

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలం ఎర్రవల్లిలో పొద్దు గూకాక ఏ పొలం గట్టు మీదైనా ఓ పావుగంట నిలబడండి. పశువులు కొట్టాలకు చేరి, బోరు మోటార్ల చప్పుడు ఒక్కటే మిగిలిన వేళ తల మీదుగా ఏదో సర్రున పోతుంది. పిట్ట అనుకుంటాం. పిట్ట అన్ని వంకర్లు తిరగదు. మడి మీదికి వాలినట్టే వాలి, చటుక్కున పైకి లేచి, పక్కకు మళ్ళుతుంది. అది చిట్టి గబ్బిలం. అది తిరిగే మలుపుల వెనక ఉన్నది పురుగుల వేట.

గబ్బిలానికి కళ్ళున్నాయి. కానీ చీకట్లో పురుగును అది చెవులతోనే వెతుకుతుంది. మన చెవికి అందనంత సన్నటి కూతలు పెడుతుంది. అవి పురుగుకు తగిలి తిరిగొచ్చిన తీరును బట్టి దూరం, దిక్కు లెక్క కడుతుంది. వెతికేటప్పుడు సెకనుకు పదీ పరక ఉండే కూతలు, పురుగు దగ్గరపడేసరికి వంద దాటిపోతాయి. దాని రెక్క నిజానికి చెయ్యే. బాగా సాగిన నాలుగు వేళ్ళ మధ్య పల్చటి తోలు, అంచున కొక్కెంలాంటి బొటనవేలు. ఆ తోలుతోనో, తోక దగ్గరి పొరతోనో పురుగును ఒడిసిపట్టి, ఎగురుతూనే నోట వేసుకుంటుంది.

ఈ వేట వల్ల రైతుకేం లాభమో స్పెయిన్‌లో చూశారు. ఎబ్రో నది డెల్టాలో మనలాగే వరి పండిస్తారు. అక్కడి పొలాల్లో చెక్కపెట్టెలు కట్టి గబ్బిలాలకు గూళ్ళు కల్పించారు. అవి పెరిగే కొద్దీ కాండం తొలిచే పురుగు బెడద తగ్గింది. థాయిలాండ్‌లో గుహ గబ్బిలాలు వరి దోమలను తింటాయని పరిశోధకులు గుర్తించారు. 2020లో కొండపోచమ్మ సాగర్‌కు నీళ్ళు చేరిన ఎర్రవల్లి ప్రాంతంలో వరి రైతు ఈ మాటను పట్టించుకోవాలి.

అయితే గబ్బిలం బతుకు ఒక్క పొలంతో తీరేది కాదు. 2016లో లండన్‌లో నథూసియస్ పిపిస్ట్రెల్ అనే జాతి ఆడ గబ్బిలం ఒకదాని ముంజేతికి చిన్న కడియం తొడిగి వదిలారు. ఆ గబ్బిలం బరువు దాదాపు రెండు రూపాయి బిళ్ళలంత. 2021లో అది రష్యాలోని ప్స్కోవ్ ప్రాంతంలో, 2,018 కిలోమీటర్ల దూరంలో దొరికింది. లండన్‌లో దాన్ని ఎంత భద్రంగా చూసుకున్నా, దారిలో ఒక దేశం దాని మజిలీని కూలగొడితే ఆ శ్రమంతా వృథాయే.

యూరప్ దేశాలను ఒక్కచోట కూర్చోబెట్టింది ఈ ఆలోచనే. 1991 డిసెంబరు 4న లండన్‌లో కుదిరిన యూరోబ్యాట్స్ ఒప్పందం 1994 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 35కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. ఆ ఒప్పందం, దాని మార్గదర్శకాలు చెప్పేది ఇదీ: అనుమతి లేకుండా గబ్బిలాన్ని పట్టకూడదు, చంపకూడదు. అవి ఉండే తావులను, మేత మేసే తావులను గుర్తించి కాపాడాలి. గుహకు గేటు పెడితే గబ్బిలం దూరేలా అడ్డకమ్మీలు వేయాలి. ఇంటి దూలాలకు చెదల మందు కొట్టేటప్పుడు గబ్బిలాలకు విషమయ్యేది వాడకూడదు. గాలిమరల దగ్గర అవి చనిపోతుంటే, గాలి తక్కువగా ఉండే రాత్రులు మరలు ఆపాలి. ఎందుకంటే గబ్బిలాలు ఎక్కువగా ఎగిరేది అప్పుడే. అవి తిరిగే దారుల్లో దీపాలు తగ్గించాలి. గూడు, దారి, మేత మూడూ ఉంటేనే గబ్బిలానికి రాత్రి గడుస్తుందన్నది వీటన్నిటి సారం.

మన దగ్గర? దక్షిణాసియాలో గబ్బిలాల కోసం ఇలాంటి ఒప్పందం లేదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. యాభై ఏళ్ళ తర్వాత, 2022 సవరణతో ఆ జాబితా పోయింది. మర్రి, రావి గింజలను ఊళ్ళు దాటించి నాటేది, ఇప్పపూలకు పుప్పొడి మోసేది ఈ పెద్ద గబ్బిలాలేనని తెలిసినవాళ్ళకు అది ఊరట.

సరిహద్దు దాటి చెయ్యి కలపడం మనకూ చేతనవును. కోలారు ఆకుముక్కు గబ్బిలం ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క గుహలో మిగిలింది. తెలుగు వినిపించే కోలారు జిల్లాలో, హనుమనహళ్ళి గుట్టలో ఉంది ఆ గుహ. అక్కడ మిగిలినవి రెండు వందలు కూడా ఉండవు. గ్రానైట్ తవ్వకాలు దాని ఉనికికే ముప్పు తెచ్చాయి. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు వెళ్ళి ఆ జాతి స్థితిగతులను, దాని కూతలను నమోదు చేశారు. తెలంగాణ పరిశోధకులు, కర్ణాటక గుట్ట, ప్రపంచమంతటికీ చెందిన ప్రాణి!

గబ్బిలాలంటే భయం ఉన్నమాట నిజం. 2018లో కేరళలో నిపా వచ్చాక అది ఇంకా పెరిగింది. ఆ వైరస్ పండ్లు తినే గబ్బిలాల్లో ఉంటుంది. దానికి మందు అవి ఉండే చెట్లు నరకడం కాదు. చెదిరిన గుంపు ఇళ్ళకు మరింత దగ్గరగా వస్తుంది. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, వట్టి చేతులతో గబ్బిలాన్ని ముట్టకూడదు. బంగ్లాదేశ్‌లో ఖర్జూర రసం కుండల చుట్టూ వెదురు తడికలు కట్టి గబ్బిలాలను దూరం పెడుతున్నారు. మన గీత కార్మికులు కల్లు లొట్టిలకూ ఆ జాగ్రత్త తీసుకోవచ్చు.

1941లో గుర్రం జాషువా ‘గబ్బిలం’ కావ్యంలో అంటరానివాడి మొరను శివుడి దగ్గరికి మోసింది ఈ ప్రాణే. మనిషికి మూసుకున్న గుడి తలుపు దానికి అడ్డం కాదు. అలాంటి జీవికి ఇవాళ మనమే తలుపులు మూస్తున్నాం. రోడ్డు వెడల్పు కోసం మర్రిచెట్టు పోతోంది. వాడని మోటబావిని మట్టితో పూడ్చేస్తున్నాం. చెరువుకట్ట పొడవునా తెల్లారేదాకా దీపాలు వెలుగుతున్నాయి.

మోటబావిని పూడ్చే ముందు ఒక సాయంత్రం దాని దగ్గర కూర్చుని, లోపలి నుంచి ఎన్ని గబ్బిలాలు బయటికొస్తాయో లెక్కపెట్టండి. ఒక్కటి వచ్చినా పూడ్చడం ఆపండి. రేపు సాయంత్రం కూడా ఆ మలుపులు మన మడి మీద తిరగాలంటే, పగలు తలదాచుకునే చీకటి మూలను దానికి మనం మిగల్చాలి.