స్తంభం కింద డెక్కు మెత్తబడితే

గాలి బలమంతా తెరచాప స్తంభాన్ని పక్కకు వంచడానికే పోతుందని గట్టు మీది నుంచి చూసేవారికి అనిపిస్తుంది. స్తంభం అడుగున పడే భారం మాత్రం దాదాపు నిట్టనిలువుగా కిందికే. స్తంభాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే స్టీలు మోకుల వాలు చాలా తక్కువ. పది పన్నెండు డిగ్రీల వాలులో ఉన్న మోకు లాగుడులో దాదాపు 98 శాతం స్తంభాన్ని కిందికి తొక్కడానికే పనిచేస్తుంది. పడవ ఒరిగేకొద్దీ గాలివైపు మోకు బిగుస్తుంది, ఆ బిగువంతా స్తంభం అడుగున తేలుతుంది. 1969లో కాలిఫోర్నియాలో తయారీ మొదలైన కెటలినా 22 సుమారు టన్ను బరువుండే పడవ. అలాంటి వాటిలో స్తంభం డెక్కు మీదే నిలబడుతుంది. కేబిన్‌లో సరిగ్గా దాని కింద, గుడిసెకు నిట్టాడులా, ఒక ఊత ఉంటుంది. హుస్సేన్ సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ పడవలకు మోకులే ఉండవు కనుక వాటి లెక్క వేరు.

ఆ కాలపు పడవల్లో చాలావాటి డెక్కు, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్‌నో బాల్సా చెక్కనో పెట్టి చేసినది. స్తంభం నిలబడే పీఠాన్ని డెక్కుకు బిగించిన స్క్రూల చుట్టూ సీలెంట్ ఎండి విడిపోతే నీరు చెక్కలోకి దిగుతుంది. పైనా కిందా ఫైబర్‌గ్లాసే కాబట్టి ఆ తడి ఆరే దారి లేదు. చెక్కలో తేమ 20 శాతంలోపు ఉంటే శిలీంధ్రం పెరగదు. 30 శాతం దాటితే దానికి అడ్డుండదు. చిక్కేమిటంటే, కొన్ని శిలీంధ్రాలు కంటికి తేడా తెలియకముందే, బరువు పెద్దగా తగ్గకముందే, చెక్క బలాన్ని బాగా తినేస్తాయి. అందుకే డెక్కు ఎంత కుంగిందన్న దానికంటే, కుంగడం పెరుగుతోందా అన్నది ముఖ్యం. మోకులు బిగించి ఉండగా పీఠం పక్కన అడ్డంగా ఇనుప స్కేలు పెట్టి, నడిమి పల్లం లోతు కొలిచి రాసుకోవాలి. నెల పోయాక అదే బిగువులో మళ్లీ కొలవాలి. పల్లం పెరిగినా, స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనకుండా మొద్దు చప్పుడు వచ్చినా, స్తంభం దగ్గరి కేబిన్ తలుపు కొత్తగా పట్టేస్తున్నా అనుమానం బలపడినట్టే.

ఇన్నేళ్లూ నిలిచిందిగా, మోకును బిగించే టర్న్‌బకిల్ ఇంకో రెండు చుట్లు తిప్పితే పోలా అంటారు కొందరు. కొత్త మోకులైతే మొదట్లో కాస్త సాగుతాయి. పాతవాటికి ఆ సాకు లేదు. స్తంభం కిందికి దిగి అవి వదులైతే, బిగించడమంటే పుచ్చిన చెక్క మీద భారం పెంచి, పైగా హెచ్చరికను చెరిపేయడం. రంధ్రాలు చేసి ఎపాక్సీ పోయడం మీదా నాకు నమ్మకం లేదు: తడి చెక్కకు అది సరిగా పట్టదు, లోపల ఎంతదాకా పాకిందో కనబడదు. పై పొర కోసి, చీకిన చెక్క తీసి, ఆరబెట్టి, అక్కడ గట్టి ఫైబర్‌గ్లాస్ నింపడమే అసలు మరమ్మతు. దాని ఖర్చు పాత పడవ ధరను మించవచ్చన్న అభ్యంతరంలో నిజముంది. కాబట్టి పల్లం పెరగకుండా, తడితే గట్టిగా పలుకుతూ, పడవ తిరిగేది చిన్న చెరువులో చిరుగాలికే అయితే సీజను చివరిదాకా ఆగడం తప్పేమీ కాదు. పల్లం పెరుగుతుంటే మాత్రం సీజను నడుమనైనా స్తంభం దించాల్సిందే. దించాక ముందుగా చూడవలసింది నిట్టాడు కింద, పడవ అడుగున ఉండే చెక్క దిమ్మెను; అది చీకితే పైన డెక్కు ఎంత గట్టిదైనా కుంగుతుంది.