అడవిలో నాలుగు దినములు: కాలిబాటను నిర్ణయించుట ఎట్లు?

తల్లాడ నుండి కొత్తగూడెమునకు పోవు మార్గమున ఏన్కూరు దాటి జూలూరుపాడు సమీపించునప్పటికి టేకు, నల్లమద్ది, తునికి చెట్లతో అడవి మన కంటబడును. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలోనిదై, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందిన ఈ ప్రాంతము మైదానమునకును మన్యమునకును నడుమ గడప వంటిది. మోటారు బండిలో పోవువారికి ఈ అడవి ఒక గంటసేపు కనబడు దృశ్యము మాత్రమే. దానిని కాలినడకన, మూడు నాలుగు దినములపాటు, దారి తెలిసినవాని వెంట చూడవలెనను కోరిక కలుగుట సహజము. ఆ కోరిక తీరుటకు కాళ్లలో బలము కొంత చాలును. ముందుచూపు మాత్రము చాల కావలెను. అడవిలో జరుగు ప్రమాదములలో పెక్కింటికి బీజము ఇంటివద్ద వేసిన లెక్కలోనే ఉండును.

ఇట్టి నడక మనకు క్రొత్తది కాదు. శివరాత్రికిని ఉగాదికిని శ్రీశైలము పోవు యాత్రికులు నేటికిని నల్లమల అడవిలో కాలినడకన పోవుచున్నారు. ఆత్మకూరు చేరువనున్న వెంకటాపురము నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా వారి బాట సాగును. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. ఆ బాటలోని మజిలీల పేర్లను గమనింపుడు. ఒకటి చెరువు, ఒకటి కొలను. నీరున్న చోటనే పూర్వులు మజిలీ పెట్టుకొనిరి. ఇది మొదటి పాఠము.

దూరదేశమున ఆఫ్రికాలో ఇదే పద్ధతి మరియొక రూపము దాల్చినది. దక్షిణాఫ్రికాలోని ఉంఫొలోజి అభయారణ్యమున 1959లో ఇయాన్ ప్లేయర్ అను అధికారి సందర్శకులను కొన్ని దినములపాటు కాలినడకన త్రిప్పు ఏర్పాటు ప్రారంభించెను. ఆయనకు అడవి చదువు నేర్పినవాడు మగ్కుబు న్టొంబెల అను జూలూ జాతి వృద్ధుడు. తరువాత 1978లో క్రూగర్ జాతీయవనమున వోల్హుటర్ బాట తెరవబడినది. అచ్చట ఒక జట్టున ఎనిమిదిమందికి మించి సందర్శకులు ఉండరాదు. శిక్షణ పొందిన ఇద్దరు మార్గదర్శకులు తుపాకులతో ముందు నడతురు. అచ్చట ఏనుగులు, సింహములు, ఖడ్గమృగములు ఉండుటచే ఆ జాగ్రత్త అవసరము.

మన అడవి వేరు, మన చట్టము వేరు. కొత్తగూడెము దాటి పాల్వంచ చేరినచో కిన్నెరసాని అభయారణ్యము వచ్చును. 1977లో ప్రకటింపబడిన ఈ అరణ్యమున దుప్పులు, కణితులు, మనుబోతులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు కలవు. జలాశయమున మొసళ్లు కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యమున ప్రవేశించుటకు అటవీశాఖవారి అనుమతి పత్రము ఉండవలెను. అనుమతి లేక ఆయుధము తీసికొనిపోరాదు. అడవికి హాని కలుగునట్లు నిప్పు రాజేయరాదు. లోపల రాత్రి బసకు అనుమతి దొరకనిచో, పగలు నడచి రాత్రికి అడవి అంచునున్న గ్రామము చేరునట్లు బాటను మలచుకొనవలెను. కావున తొలి అడుగు అడవిలో కాదు, అటవీశాఖ రేంజి కార్యాలయములో వేయవలసియున్నది.

ఇక కాలనిర్ణయము. వానకాలమున వాగులు పొంగి, వెనుకకు వచ్చు దారి మూసుకొనిపోవును. కార్తీకమున గడ్డి నిలువెత్తున ఉండి ముందున్నది కనబడదు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూవు రాలును. తెల్లవారుజామున పూవు ఏరుకొనుటకు చెట్టు క్రిందికి మనుష్యులు వత్తురు, ఎలుగులును వచ్చును. ఆ పిమ్మట తునికాకు కోత. అప్పటికి వాగులు ఎండి, కొత్తగూడెము ప్రాంతపు ఎండ నిప్పులు చెరుగుచుండును. కావున డిసెంబరు, జనవరి నెలలే అనుకూలము. అప్పుడు గడ్డి వాలును, వాగులలో నీరు మిగిలియుండును, పగటియెండ ఓర్వదగినదిగా ఉండును.

దినమునకు ఎంత నడువవచ్చును? రహదారిపై గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచువాడు అడవిలో, మూటతో, ఎగుడుదిగుడు నేలపై రెండున్నర కిలోమీటర్లకు మించి నడువలేడు. డిసెంబరులో ప్రొద్దు సుమారు 6-30కి పొడిచి, 5-40కి క్రుంకును. ఉదయము 7 గంటలకు బయలుదేరి 11 గంటలకు ఆగినచో పది కిలోమీటర్లు సాగును. మధ్యాహ్నము విశ్రమించి, సాయంకాలము మరి రెండు కిలోమీటర్లు నడచి, వెలుతురుండగనే బస చేరవలెను. జట్టులో అందరికంటె మెల్లగా నడచువాని నడకనే లెక్కలోనికి తీసికొనవలెను.

నీటి లెక్కయు ఇట్లే. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు దారి చూపువారు కలసి ఎనిమిదిమంది. త్రాగుటకు మనిషికి నాలుగు లీటర్లు, వంటకును ఇతర అవసరములకును మూడు లీటర్లు అనుకొన్నను దినమునకు 56 లీటర్లు కావలెను. అనగా 56 కిలోల బరువు. దీనిని మోసికొనిపోవుట పొసగదు. నడకలో త్రాగునంత నీటిని మాత్రము వెంట నుంచుకొని, రాత్రి బసను నీటికి చేరువగా ఏర్పరచుకొనవలెను. వాగు ఎండినను ఇసుకలో చెలమ తీసినచో నీరు ఊరు తావులు కలవు. అవి స్థానికులకే తెలియును. ఆ నీటిని కాచి త్రాగవలెను. బసను మాత్రము నీటి ఒడ్డుననే పెట్టరాదు. రాత్రివేళ మృగములు నీటికి వచ్చు దారి అది. రెండు మూడు వందల అడుగులు ఎడముగా, మిట్టమీద పెట్టవలెను.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఒకని కాలు విరిగినచో, లేక పాము కరచినచో ఏమి చేయుదుము? అడవి లోయలలో చేతి ఫోను మ్రోగునన్న నమ్మకము లేదు. మన్యమున రోగిని కఱ్ఱకు కట్టిన దుప్పటి డోలీలో మోసికొనివత్తురు. మనుష్యులు మారుచు మోసినను అట్టి నడక గంటకు ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లకు మించదు. మోటారు దారి ఆరు కిలోమీటర్లున్నచో నాలుగు నుండి ఆరు గంటలు పట్టును. పది కిలోమీటర్లున్నచో ప్రాణమునకే ముప్పు. కావున ప్రతి బసకును సమీపపు బండిదారి ఎంత దూరమో, అచ్చటినుండి కొత్తగూడెము లేక భద్రాచలము ఆసుపత్రికి ఎంతసేపు పట్టునో ముందే వ్రాసికొనవలెను. పాము కరచినచోట కోయుట, పీల్చుట, బిగించి కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, విషమునకు విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. మన్యమున మలేరియా కలదు గనుక దోమతెర తప్పనిసరి. తిరిగివచ్చిన పిదప కొన్ని వారములలో జ్వరము వచ్చినచో, అడవికి పోయివచ్చితిమని వైద్యునకు చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఈ లెక్కలన్నియు కాగితముపై చక్కగా కుదిరినను, వానిని అడవిలో సరిచూడగలవాడు దారి చూపు మనిషి యొక్కడే. ఎలుగుబంటి సంగతియే చూడుడు. పుట్టను త్రవ్వి చెదలు తినుటలో మునిగిన ఎలుగు మన అలికిడిని గమనింపదు. హఠాత్తుగా ఎదురుపడినచో బెదరి మీద పడును. పుట్టపై తాజా త్రవ్వకమును చూచినంతనే కోయవాడు ఆగును. పొదలు దట్టముగనున్న తావున దగ్గి, చప్పట్లు చరచి తన రాకను తెలుపును. అవసరమైనచో అందరిని వెనుకకు మళ్లించును. ఆ క్షణమున ఎందుకని ప్రశ్నింపక వెనుదిరుగువారే అతని వెంట పోదగినవారు.

ఈ ప్రాంత చరిత్ర తెలిసినవారికి ఈ మాటలోని బరువు బోధపడును. నిజాం కాలపు తెలంగాణమున అధికారులు పర్యటనకు వచ్చినపుడు గ్రామస్థులు కూలి లేకయే వారి సామాను మోయవలసివచ్చెడిది. వెట్టి యనగా అదియే. దారి తెలిసినవాడు మూట మోసెడివాడు. ఆజ్ఞ మాత్రము దారి తెలియనివానిది. 1941లో గోదావరి కనుమల యందలి కొండరెడ్ల నడుమ పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ పండితుడు, కలప వర్తకుల చేత వారు ఎట్లు అణగద్రొక్కబడుచుండిరో లోకమునకు తెలిపెను. 1945లో వారినిగూర్చిన గ్రంథము ప్రకటించెను. నేడు మనము వేసికొను బాట ఆ వెట్టికి క్రొత్త రూపము కారాదు. దారి చూపువానితో కూలి ముందే మాటాడుకొని, మధ్యలో వెనుదిరిగినను పూర్తిగా చెల్లింతుమని చెప్పవలెను. లేనిచో, కూలి పోవునను భయముచే, తిరిగిపోవలసినచోట అతడు ముందుకు నడుచును. అతని కూలియు, మన ప్రాణరక్షణయు ఒకదానితో నొకటి ముడివడియున్నవి.

బాటలోని గూడెములలో గ్రామపెద్ద అనుమతి లేక బస చేయరాదు. దేవతల తావులుగా వారు భావించు చెట్ల గుంపులలోనికి చెప్పులతో పోరాదు. మనుష్యులను అడుగక ఛాయాచిత్రములు తీయరాదు. తెచ్చిన చెత్తను తిరిగి తీసికొనిరావలెను.

బయలుదేరుటకు ముందు చేయవలసినది మరియొకటి కలదు. బాట పటము, బసల పేర్లు, మనుష్యుల పేర్లు రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి రేంజి కార్యాలయమునను, ఒకటి ఇంటివద్దను ఉంచవలెను. నాలుగవ దినము ప్రొద్దుక్రుంకులోగా కబురు రానిచో ఎవరు ఎవరికి తెలుపవలెనో కూడ అందులో ఉండవలెను. మూడవ దినముననే తిరిగివచ్చినవారిని చూచి ఇంటివారు నవ్వవలసిన పనిలేదు. వాగు పొంగినదనియో, ఎలుగు జాడ కనబడినదనియో దారి చూపువాడు చెప్పగా విని వచ్చినవారు వారు. అడవి ఎచ్చటికిని పోదు. మరుసటి డిసెంబరున మరల పోవచ్చును.