ఫ్రిజ్ తలుపు తీసినా అరవలేదంటే...

ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు తెలిసేది ఇల్లాలికే. కంచంలో రెండు ముద్దలు మిగిలితే చాలు, ‘ఏం, నలతగా ఉందా?’ అంటూ నుదుటి మీద చేయి వేసి చూస్తాం. మరి నోరులేని జీవి గిన్నెలో తిండి మిగిలితే? అది మనతో చెప్పుకోలేదు. పైగా గినీపిగ్ లాంటి జీవి తన జబ్బుని వీలైనంతవరకు దాచిపెట్టుకుంటుంది కూడా! ఈ సంగతి మా చిట్టి నేర్పేదాకా నాకూ తెలియదు.

చిట్టి అంటే మా పాప పుట్టినరోజుకి వాళ్ళ మావయ్య తెచ్చిచ్చిన గినీపిగ్. ‘ఎలుకా ఇది, కుందేలా?’ అంటూ మా అత్తగారు వారం రోజులు దాని ఛాయలకి వెళ్ళలేదు. పదోరోజుకల్లా కొత్తిమీర కాడలు దానికోసం దాచిపెట్టడం మొదలుపెట్టింది కూడా ఆవిడే! పొద్దున్నే నేను ఫ్రిజ్ తలుపు తీయడం ఆలస్యం, ‘వీక్... వీక్...’ అంటూ ఇల్లు పీకి పందిరేసేది.

ఒక మే నెల పొద్దున ఫ్రిజ్ తీశాను. చప్పుడు లేదు. ‘ఈ ఎండలకి మనకే అన్నం సహించడం లేదు, దానికేం సహిస్తుందిలే’ అనుకుని నా పనిలో పడిపోయాను. సాయంత్రం కేరెట్ ముక్క పెడితే ఆత్రంగా అందుకుంది, కింద పడేసింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ పడేసింది. అంటే ఆకలి ఉంది, తినలేకపోతోంది! గడ్డం కింద బొచ్చు తడిగా ఉంది. మర్నాడు బోను తుడుస్తుంటే, రోజూ చారెడు వచ్చే పెంటికలు నాలుగైదే ఉన్నాయి. అవీ చిన్నచిన్నవి.

అప్పుడు కంగారు పుట్టింది. పాపకి గొంతునొప్పికి వాడగా మిగిలిన యాంటీబయోటిక్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది. రెండు చుక్కలు పోద్దామని సీసా చేతిలోకి తీసుకున్నాను కూడా. “పిల్లకి వాడిన మందు పిడికెడు ప్రాణికి పడుతుందా? డాక్టరుకి చూపించు” అన్నారు అత్తగారు. ఆ మాటే చిట్టి ప్రాణం నిలబెట్టింది!

ఆ సీసాలో ఉన్నది విషమే!

డాక్టరుగారు సీసా సంగతి విని తల పట్టుకున్నారు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటి మందులు మనకి మేలు చేస్తాయి. అవే గినీపిగ్ కడుపులోకి వెళ్తే, పేగుల్లో గడ్డి అరగడానికి సాయపడే సూక్ష్మజీవులు చచ్చిపోయి, విషాన్ని పుట్టించేవి పెరిగిపోతాయి. ప్రాణమే పోవచ్చు. కాబట్టి పిల్లలకో, కుక్కకో తెచ్చిన మందు ‘కొంచెమే కదా’ అని దీనికి ఎప్పుడూ వేయకండి.

ఇంకో సంగతి. మనం ఏకాదశికి ఉపవాసం ఉంటే పుణ్యం వస్తుందేమో గానీ, గినీపిగ్ ఉపవాసం ఉండకూడదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. లోపలికి గడ్డి వెళ్ళకపోతే ఆ కదలిక మందగిస్తుంది. కడుపు ఉబ్బుతుంది. అది తినడం మానేసి పన్నెండు గంటలు దాటితే ఆలస్యం చేయకూడదు. ‘రేపు చూద్దాంలే’ అని నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

పళ్ళు పెరిగాయట!

ఇంతకీ చిట్టికి వచ్చింది పళ్ళ జబ్బు. గినీపిగ్‌కి ఇరవై పళ్ళుంటాయి. అన్నీ బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరిగి సమంగా ఉంటాయి. మేమేమో పెట్ షాపులో కొన్న గుళికలు, కేరెట్లు, పాప పెట్టే బిస్కెట్లతో కడుపు నింపేశాం. వెనక పళ్ళు అరగక నాలుక మీదికి వంగి పెరిగాయి. పాపం, నాలుక కదిలితేగా మింగడానికి!

అసలు దాని తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. మన పెరట్లో దొరికే పచ్చిగరిక దానికి పరమాన్నమే. మందు చల్లని చోట కోసి, కడిగి పెట్టండి. ఎండుగడ్డి అన్నానని వరిగడ్డి తెచ్చిపెట్టకండి. అందులో సారం తక్కువ, మొనలు కళ్ళలో గుచ్చుకుంటాయి. పెట్ షాపుల్లో దొరికే తిమోతి గడ్డి మంచిది. అన్నం, రొట్టె, పాలు, బిస్కెట్లు, బంగాళదుంప, ఉల్లి, వెల్లుల్లి పనికిరావు. కేరెట్లో తీపి ఎక్కువ కాబట్టి ఎప్పుడైనా ఒక ముక్క చాలు.

జబ్బు దాచుకోవడం ఎందుకు?

పేరుకి ‘పిగ్’ గానీ ఇది పంది కాదు, ఎలుకల కుటుంబానికి దగ్గర చుట్టం. గినీ దేశానిదీ కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాల్లో వేల ఏళ్ళుగా దీన్ని ఇళ్ళల్లో మాంసం కోసం పెంచుతున్నారు. స్పెయిన్ వాళ్ళు ఆ దేశాలకి వెళ్ళాక, 16వ శతాబ్దంలో యూరప్ చేరింది. అడవిలో దీని జాతికి గద్దల నుంచి నక్కల దాకా అందరూ శత్రువులే. నీరసంగా కనిపించినదాన్నే ముందు పట్టుకుపోతాయి. అందుకే బాగున్నట్టు కనిపించడం వీటికి పుట్టుకతో వచ్చిన గుణం. జబ్బు మన కంటికి ఆనిందంటే, అది ఎప్పుడో మొదలైందన్నమాట.

మనకీ దానికీ ఒకటే లోపం

చాలా జంతువుల ఒంట్లో విటమిన్ సి దానంతటదే తయారవుతుంది. మనుషులకీ గినీపిగ్‌లకీ ఆ భాగ్యం లేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గినీపిగ్‌లకి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే, నావికులకి వచ్చే స్కర్వీ జబ్బు వాటికీ వచ్చింది. విటమిన్ సి కనుక్కోవడానికి ఆ ప్రయోగం దారి చూపించింది.

ఈ విటమిన్ తగ్గితే మొదట ఆకలి చస్తుంది. బొచ్చు గరుకెక్కుతుంది, కీళ్ళు వాచి నడవడానికి బద్ధకిస్తుంది, ముట్టుకుంటే నొప్పితో కీచుమంటుంది. చిగుళ్ళ నుంచి రక్తం కూడా రావచ్చు. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు అందాలి. దీనికి మందుల షాపుకి పరుగెత్తనక్కర్లేదు. మన కూరల బుట్టలోని కేప్సికం రెండు ముక్కలు, కాస్త కొత్తిమీర, అప్పుడప్పుడూ గింజలు తీసిన జామపండు ముక్క ఇస్తే సరి. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలిపితే గంటల్లోనే సత్తువ పోతుంది. గుళికలు కూడా నిలవుంటే వాటిలోని విటమిన్ తగ్గిపోతుంది. అందుకే సంచులకొద్దీ కొనిపెట్టుకోకండి.

భయపడాల్సినవి, పడక్కర్లేనివి

ఉన్నట్టుండి గాలిలోకి గెంతి మెలికలు తిరిగితే జబ్బనుకుని హడలిపోకండి. అది సంతోషం! తన మెత్తని పెంటికల్ని తానే తింటే తిట్టకండి. రెండోసారి అరిగించుకుని పోషకాలు రాబట్టుకునే పద్ధతి అది. పళ్ళు టకటకలాడిస్తే కోపం వచ్చిందని అర్థం, కాసేపు వదిలేయండి. గుళికల రకం మారిస్తే మూతి తిప్పుకోవచ్చు. కొత్తది పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేయాలి. జంటలో ఒకటి పోతే రెండోది తిండి తగ్గించి మూల కూర్చుంటుంది. ఇవి గుంపులో బతికే జీవులు. స్విట్జర్లాండ్‌లో అయితే 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం గినీపిగ్‌ని ఒంటరిగా పెంచకూడదు!

కానీ ఈ కింది వాటిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

• మూలన ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని, పిలిచినా కదలకపోవడం.
• చొంగ కారడం, నోటికి అందుకున్నది జారవిడవడం.
• కళ్ళు, ముక్కు కారడం, ఊపిరి తీస్తుంటే చప్పుడు రావడం.
• మూత్రం పోసేటప్పుడు కీచుమనడం, మూత్రంలో రక్తం. ఇవి రాళ్ళకి గుర్తు కావచ్చు. అందుకే పాలకూర రోజూ పెట్టకూడదు.
• చూలుతో ఉన్నది ఆఖరి రోజుల్లో తిండి మానేయడం. ఇది చాలా ప్రమాదం.
• ఎండాకాలంలో చాపలా పడుకుని రొప్పడం. మనకి హాయిగా అనిపించే 30 డిగ్రీలే దానికి ఎక్కువ. బోను బాల్కనీలోంచి ఇంట్లో చల్లని చోటికి మార్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఐసు నీళ్ళు పోయకండి.

వంటింటి తూకమే థర్మామీటరు

డాక్టరుగారు చెప్పిన చిట్కా ఇది. వారానికోసారి, ఒకే వేళకి, వంటింటి తూకం మీద గిన్నె పెట్టి అందులో కూర్చోబెట్టి బరువు చూడాలి. పాలవాడి లెక్క రాసుకున్నట్టే కేలండర్లో రాసుకోవాలి. కిలో లోపు ప్రాణికి యాభై, వంద గ్రాములు తగ్గడమంటే మాటలు కాదు. గిన్నె ఖాళీ అవుతున్నా బరువు తగ్గుతోందంటే లోపల ఏదో ఉందన్నమాట. పండక్కి 860 గ్రాములున్న చిట్టి ఆస్పత్రి తూకంలో 730 తూగింది!

దానికి మత్తిచ్చి పళ్ళు సరిచేశారు. ఇంటికొచ్చాక నొప్పి మందు వేస్తూ, నానబెట్టిన గుళికల్ని మెత్తగా మెదిపి, సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. రాత్రిళ్ళు కూడా మూడు, నాలుగు గంటలకోసారి పెట్టాలి. పాప బాలింతరాలి పక్కన కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చుంది. అర్ధరాత్రి వంతు అత్తగారిది. ‘ఇంత చిన్న ప్రాణికి ఇంత ఖర్చా’ అన్న మావారు కూడా ఆఫీసు నుంచి ఫోన్ చేసి ‘పెంటికలు వేసిందా?’ అని అడిగేవారు!

తొమ్మిదోరోజు పొద్దున పాలు తీద్దామని ఫ్రిజ్ తలుపు తీశాను. ‘వీక్’ అని ఒక్కసారి, సన్నగా. పాప పక్కమీంచి ఒక్క గెంతు గెంతి వచ్చింది. అత్తగారు కొత్తిమీర కట్ట మొత్తం పట్టుకొచ్చేశారు.

ఇప్పుడు చిట్టి బోనులో గరిక ఎప్పుడూ ఉంటుంది. మందు సీసాలు ఫ్రిజ్‌లోంచి అలమారాకి మారాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి బుల్లి ప్రాణి ఉంటే, రేపు పొద్దున దాని గిన్నెవైపు, దాని పెంటికలవైపు ఒక్క నిమిషం చూడండి. పిల్లల కంచాలు చూసే కళ్ళే కదా మనవి!