మీకు తెలుసా? షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ ఎంత?
సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ అవయవాలను దెబ్బతీసే స్థితి) షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, జారుతున్న పిల్లల్లో బీపీ చాలాసేపు మామూలుగానే ఉండవచ్చు. గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగుసుకుని ఆ లోటును కప్పేస్తాయి. అందుకే డాక్టర్లు బిడ్డ వేలికొనను గట్టిగా నొక్కి వదులుతారు. తెల్లబడిన చోట మళ్లీ ఎరుపెక్కడానికి 3 సెకన్లు దాటిందంటే షాక్‌ను అనుమానించాల్సిందే.

మరి వెంటనే సెలైన్ వేగంగా ఎక్కించాలా? చాలాకాలం అదే పద్ధతి. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3,141 మంది పిల్లలపై జరిగిన ‘ఫీస్ట్’ అధ్యయనం 2011లో దాన్ని కుదిపేసింది. వేగంగా సెలైన్ ఎక్కించినవారిలో 48 గంటల్లోపు 10.5 శాతం మంది చనిపోతే, నెమ్మదిగా ద్రవాలిచ్చినవారిలో 7.3 శాతమే. అవి ఐసీయూ లేని ఆసుపత్రులు. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలను ఇందులో చేర్చలేదు. ఇది మరవకూడదు, వారికి ద్రవాలే ప్రాణాధారం.

2020 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఐసీయూ లేనిచోట, బీపీ పడిపోకపోతే, సెలైన్ వేగంగా ఎక్కించకూడదు. ఐసీయూ ఉంటే కిలో బరువుకు 10–20 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తూ, ప్రతిసారీ కాలేయం ఉబ్బిందా, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా అని చూడాలి. షాక్ గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ మాత్రం ఎక్కడైనా పడాల్సిందే.