హాలు 600 చదరపు అడుగులు... యోగాకు ఎంతమంది పడతారు?

పై అంతస్తులో హాలు ఖాళీగా ఉంది. పొడవు 30 అడుగులు, వెడల్పు 20. యోగా తరగతులు పెడదామని ఇంటివాళ్ల ఆలోచన. యోగా మ్యాట్ సుమారు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటుంది, అంటే 12 చదరపు అడుగులు. 600ని 12తో భాగిస్తే 50 వస్తుంది. కానీ ఆ హాల్లో హాయిగా సాధన చేయగలిగేది 12 మంది. మిగతా 38 మంది ఎటు పోయారో ఒక్కొక్కటిగా చూద్దాం. మీ గది కొలతలు వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

మనిషికి ఎంత చోటు కావాలి?

మనిషి మ్యాట్ మీద నిలబడతాడు కానీ మ్యాట్‌లో ఇమడడు. అయిదున్నర అడుగుల మనిషి వెల్లకిలా పడుకుని చేతులు తల వెనక్కి చాపితే వేళ్ల నుంచి మడమల దాకా దాదాపు 7 అడుగులు. వెనక వరుసవాళ్ల తల తగలకుండా ఒక అడుగు కలిపితే 8. వీరభద్రాసనంలో చేతులు పక్కలకు చాపితే బార పొడవు, అంటే దాదాపు మనిషి ఎత్తంత. పక్కపక్క మ్యాట్లను ఒక అడుగు ముందూ వెనకా వేస్తే చేతులు ఒకదాన్నొకటి తప్పించుకుంటాయి కాబట్టి నాలుగున్నర అడుగుల వెడల్పుతో సరిపెట్టుకోవచ్చు. 8 అడుగులను నాలుగున్నరతో గుణిస్తే 36 చదరపు అడుగులు, సరిగ్గా 4 గజాలు. మ్యాట్‌కు మూడింతలన్నమాట.

ఇప్పుడు హాల్లో గీసి చూడండి. ముందు 6 అడుగులు నేర్పేవారికి. మిగిలిన 24 అడుగుల పొడవులో మూడు వరుసలు. వెడల్పులో ఒక పక్క 2 అడుగులు నడవడానికి వదిలితే 18 అడుగులు మిగులుతాయి, వరుసకు నలుగురు. మూడు నాలుగులు పన్నెండు.

ఇంకా దగ్గరగా కూర్చోబెట్టకూడదా అని అడగవచ్చు. 2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో మూడు లక్షల మందికి పైగా పక్కపక్కనే ఆసనాలు వేశారు కదా! అది ఏడాదికి ఒక్క రోజు, ముప్పావు గంట కార్యక్రమం. పైన ఆకాశం, పక్కన సముద్రం. మీ హాల్లో రోజూ గంటసేపు, నాలుగు గోడల మధ్య జరుగుతుంది. నేర్పేవారు ప్రతి మ్యాట్ పక్కకూ వెళ్లి మోకాలు, నడుము సరిచేయాలంటే వాళ్లు నిలబడే చోటూ ఉండాలి.

కప్పు ఎంత ఎత్తుండాలి?

6 అడుగుల మనిషి చేతులు పైకెత్తితే వేళ్లు ఏడున్నర అడుగులకు చేరతాయి. కప్పు 9 అడుగులైతే మామూలు రాడ్డుతో వేలాడే ఫ్యాను రెక్కలు 8 అడుగుల దగ్గర తిరుగుతాయి. మధ్య మిగిలేది అరడుగు. అది చాలదు. కప్పు 10 అడుగులుంటే ఆ ఖాళీ అడుగున్నర అవుతుంది. 9 అడుగుల కప్పే ఉంటే ఫ్యాను రాడ్డు కురచ చేయించండి, లేదా గోడ ఫ్యాన్లు పెట్టండి.

గాలి సంగతి?

అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసింది, తక్కువగా పట్టించుకునేది ఇదే. ప్రాణాయామం చేసే గదిలో గాలి బాగుండకపోతే మిగతా హంగులన్నీ వృథా.

మెల్లగా ఆసనాలు వేసే మనిషి గంటకు దాదాపు 25 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ (మనం వదిలే బొగ్గుపులుసు వాయువు) బయటికి వదులుతాడు. నేర్పేవారితో కలిపి 13 మంది అంటే 325 లీటర్లు. మన హాలు 10 అడుగుల ఎత్తుంటే అందులో పట్టే గాలి సుమారు లక్షా 70 వేల లీటర్లు. ఈ వాయువును పీపీఎంలో, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అని కొలుస్తారు. ఆరుబయట అది సుమారు 420. తలుపులన్నీ మూసిన హాల్లో గంట తిరిగేసరికి దీనికి మరో 1,900 కలిసి 2,300కు చేరుతుంది. గదిలో 1,000 దాటితే గాలి సరిగా మారడం లేదనడానికి సాధారణంగా గుర్తుగా తీసుకుంటారు. అదే హాల్లో 24 మందిని కూర్చోబెడితే గంటలో 4,000 దాటుతుంది. దీనితో ప్రాణాపాయమేమీ లేదు. తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి, గది వాసన వేస్తుంది. తలుపు తీయకుండా రెండో బ్యాచ్ మొదలైతే వాళ్లు 2,300 దగ్గరే మొదలుపెడతారు.

ఏసీ ఉంది కదా అంటారు. మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. 13 మంది ఉన్న గదిలో 1,000 దాటకుండా ఉండాలంటే గంటకు సుమారు 560 ఘనపు మీటర్ల కొత్త గాలి రావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బా మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందో రాసి ఉంటుంది. అది 600కు పైన ఉన్నది ఎంచుకోండి. దానికి ఎదుటి గోడలో గాలి వచ్చే దారి తప్పక వదలండి. వచ్చే దారి లేకపోతే ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి మారదు.

కిటికీలకూ లెక్క ఉంది. తెరుచుకునే మేర, తేమతో కూడిన వేడి ఉండే చోట నేల విస్తీర్ణంలో ఆరో వంతు, పొడి వేడి ఉండే చోట పదో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మన 600 అడుగుల హాలు కాకినాడలో ఉంటే 100 చదరపు అడుగులు, అంటే 5 అడుగులకు 4 అడుగుల కిటికీలు అయిదు. అనంతపురంలో ఉంటే 60, అంటే అవే కిటికీలు మూడు. ఒక జాగ్రత్త: పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ పూర్తిగా జరిపినా సగమే తెరుచుకుంటుంది. లెక్కలోనూ సగమే వేయండి.

పాత గ్రంథంలో యోగ కుటీరానికి కిటికీలు వద్దన్నారని కొందరికి గుర్తుండవచ్చు. నిజమే. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో చిన్న ద్వారం, రంధ్రాలు లేని గోడలు, ఎత్తుపల్లాలు లేని నేల, ఆవు పేడతో అలికిన శుభ్రత చెప్పారు. అయితే అది ఒక్క సాధకుడు ఏకాంతంగా ఉండే చిన్న కుటీరం. మన హాల్లో 13 మంది. శుభ్రత, చదును, ప్రశాంతత అక్కడి నుంచి తీసుకుందాం. కిటికీలు మాత్రం పెట్టుకుందాం.

ఏసీ పెట్టాలా, వద్దా?

సాధనలో ఉన్న ఒక్కో శరీరం సుమారు 150 వాట్ల వేడి వదులుతుంది. 13 మందివి కలిపితే 2,000 వాట్లు, బకెట్లో పెట్టే వెయ్యి వాట్ల హీటర్లు రెండు గదిలో వెలుగుతున్నట్టే. దీనికి మే నెల ఎండ తోడైతే ఈ హాలుకు టన్నున్నర ఏసీలు మూడు అవసరమవుతాయి. టన్ను అంటే యంత్రం బరువు కాదు, వేడిని లాగేసే శక్తికి కొలత. ఒక్కోటి గంటకు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 3 గంటలు, నెలకు 26 రోజులకు 351 యూనిట్లు. ఆరు మామూలు ఫ్యాన్లకు అదే కాలానికి 35 యూనిట్లు, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 14. తెల్లవారుజాము తరగతులకు ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాన్లు చాలు. ఏసీ కన్నా ముందు కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం ప్రకటించింది కూడా ఈ ఉద్దేశంతోనే. మేడ మీద రేకుల షెడ్డు అనుకుంటున్నవాళ్లకైతే ఈ పూత మరీ అవసరం. లేకపోతే వేసవి సాయంత్రాలు తరగతులు నడవవు.

దీపాలు ఎక్కడ?

వెలుగును లక్స్‌లలో కొలుస్తారు, ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు అన్నమాట. ఆసనాలకు 150 లక్స్‌లు సరిపోతాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు ఎనిమిది పెడితే మన హాలుకు దాదాపు అంత వస్తుంది. లెక్క కన్నా చోటు ముఖ్యం. యోగాలో చాలాసేపు కళ్లు కప్పును చూస్తాయి. తల మీద నేరుగా ట్యూబు ఉంటే పడుకున్నవాళ్ల కళ్లలో పడుతుంది. గోడల పొడవునా పెట్టి వెలుగు కప్పు మీద పడి దిగేలా చూడండి. శవాసనానికి ఒక చిన్న దీపానికి వేరే స్విచ్చి ఉంచండి.

తూర్పు ముఖంగానే కూర్చోవాలా? నమ్మకం ఉంటే అలాగే చేయండి. కానీ తూర్పు గోడకు పెద్ద కిటికీ ఉంటే ఎండ సూటిగా కళ్లలోకి వస్తుంది. పల్చటి తెర ఒకటి వేయండి. హైదరాబాద్‌లో సూర్యోదయం జూన్‌లో 5.40 ప్రాంతంలో, జనవరిలో 6.50 ప్రాంతంలో అవుతుంది. 5.30 బ్యాచ్ చలికాలమంతా దీపాల వెలుగులోనే సాగుతుంది.

చప్పుడు మాటేమిటి?

మూడు రకాల చప్పుళ్లున్నాయి. మొదటిది లోపలిది. టైల్సు, నున్నటి గోడలు ఉన్న ఖాళీ హాల్లో మాట ఆగాక కూడా దాని మోత నిలిచి ఉంటుంది. మన హాల్లో 13 మంది ఉన్నా ఆ మోత రెండు సెకన్లు దాటుతుంది. ఒక సూచన మోత తగ్గేలోపు తర్వాతి మాట దాని మీద పడి, వెనక వరుసకు ఏదీ స్పష్టంగా అందదు. 200 చదరపు అడుగుల బరువైన, మడతలు పడే కర్టెన్లు వేస్తే అది సుమారు 1.3 సెకన్లకు తగ్గుతుంది. మైకు కొనే ముందు కర్టెన్లు కొనండి.

రెండోది బయటికి పోయేది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. డెసిబెల్ అంటే శబ్దానికి కొలత, మామూలు సంభాషణ దగ్గర నుంచి వింటే 60 వరకు ఉంటుంది. ఈ నిబంధనల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. అంటే 5.30 బ్యాచ్ చట్టం దృష్టిలో రాత్రి తరగతి. ఆ అరగంట స్పీకర్ వద్దు, నోటి మాట చాలు.

మూడోది కింది ఇంటికి దిగేది. 12 మంది బరువు కప్పుకు లెక్కే కాదు. మనిషికి 70 కిలోల చొప్పున 840 కిలోలు, చదరపు మీటరుకు 15 కిలోలు. ఇళ్ల గదుల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోలు మోసేలా కడతారు. కానీ సూర్య నమస్కారాల్లో 12 జతల కాళ్లు ఒక్కసారి వెనక్కి దూకితే కింద ఉన్నవాళ్లకు నిద్రాభంగం. దూకకుండా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి జరపడం నేర్పితే ఖర్చు లేకుండా సర్దుకుంటుంది.

నేల, గోడ, గుమ్మం

నేలకు చెక్క పరిపించడం తప్పనిసరి కాదు. చదునుగా ఉండాలి, జారకూడదు. వాననీరు పోవడానికి మేడ మీద నేలకు వాలు ఇస్తారు, వందకు ఒకటి వాలున్నా 6 అడుగుల మ్యాట్‌కు రెండు చివరల మధ్య ముప్పావు అంగుళం తేడా వస్తుంది. ఒంటికాలి మీద నిలబడితే అది తెలుస్తుంది. నేల మీద గోలీ పెట్టి చూడండి, దొర్లితే వాలుంది. టైల్సు మీదకు 5 లేదా 6 మిల్లీమీటర్ల మ్యాట్ చాలు. మరీ మందమైనది మెత్తగా ఉన్నా నిలబడి చేసే ఆసనాల్లో పాదం తూగుతుంది.

ఒక పొడవాటి గోడను బీరువాలు, కింది ప్లగ్ బోర్డులు లేకుండా ఖాళీగా వదలండి. గోడకు కాళ్లు ఆనించి పడుకునే విపరీత కరణికి మనిషికి 3 అడుగుల చొప్పున 30 అడుగుల గోడ దగ్గర పది మంది పడతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ గోడ, నాలుగు గట్టి కుర్చీలు ఉంటే చాలు, తరగతిలో నిలబడగలుగుతారు. పుణెలో 1975లో బి.కె.ఎస్. అయ్యంగార్ నెలకొల్పిన సంస్థ గోడ తాళ్లు, కుర్చీలు, చెక్క దిమ్మెలతో ఈ విధానాన్ని ప్రపంచానికి చూపింది.

చెప్పుల స్టాండు 12 జతలకు కాదు, 24 జతలకు ఉండాలి. ఒక బ్యాచ్ బయటికి వస్తుండగానే ఇంకో బ్యాచ్ వస్తుంది కాబట్టి. రెండు బ్యాచ్‌ల మధ్య పది, పదిహేను నిమిషాలు కిటికీలన్నీ తెరిచి ఉంచితే గుమ్మం దగ్గర రద్దీ తగ్గుతుంది, గదిలో గాలీ మారుతుంది.

మరి అద్దె గిట్టుబాటు?

హాలు అద్దెకు తీసుకునేవాళ్లకు ఇదే అసలు సందేహమని తెలుసు. అద్దె నెలకు 18,000 అనుకుందాం. రోజుకు మూడు బ్యాచ్‌లు, ఒక్కోదానికి 12 మంది అయితే 36 మంది, మనిషికి అద్దె భారం 500. బ్యాచ్‌కు 24 మందిని కుక్కితే అది 250. అయితే 12 మంది చొప్పున ఉదయం మూడు, సాయంత్రం మూడు బ్యాచ్‌లు నడిపినా మొత్తం 72 మందే, భారం అదే 250. తేడా అల్లా నేర్పేవారి మూడు గంటలు అదనం. వాళ్ల గంటకు డబ్బు చెల్లించాలి, అది లెక్కలోకి తీసుకోండి. ఆ ఖర్చు కలిపినా విద్యార్థికి గాలి, చోటు, గురువు చూపు దక్కుతాయి. మ్యాట్‌కూ మ్యాట్‌కూ మధ్య ఒక్క అడుగే ఉన్న తరగతిలో ఈ మూడూ దొరకవు.

కాబట్టి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు టేపు, సుద్దముక్క తీసుకెళ్లండి. 8 అడుగులకు నాలుగున్నర అడుగుల గళ్లు నేల మీద గీయండి. ఇద్దరిని పక్కపక్క గళ్లలో పడుకోబెట్టి చేతులు చాపమనండి. కిటికీలు తెరిచి, ఎంత తెరుచుకుంటున్నాయో కొలవండి. గళ్లెన్ని వచ్చాయో, గాలి ఎంతమందికి సరిపోతుందో చూసి, రెండింట్లో ఏది తక్కువైతే మీ బ్యాచ్ అంత. ఫీజు, ప్రకటన, బోర్డు మీద పేరు, వీటి గురించి ఆ అంకె తేలాకే ఆలోచించండి.