అరుగు ముందర చలువపందిరి

వేసవిలో ఉదయము తొమ్మిది గంటలు దాటిన పిమ్మట మన యిండ్ల అరుగులు ఎవరికిని అక్కఱకు రావు. ముసలివారు కూర్చుండుటకును, విత్తనములు ఏరుకొనుటకును, పొరుగువారితో నాలుగు మాటలాడుటకును కట్టుకొన్న చోటు పెనమువలె కాలుచుండును. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు వృద్ధులు, కూలిపని చేయువారు. కావున ఇంటిముందు నీడను కలవారి వేడుకగా తలపరాదు.

రేకులు వేయింతుమా యని కొందఱు సభ్యులు అడుగుచుందురు. రేకు చాల ఏండ్లు నిలుచుట నిజమే గాని, కాలిన రేకు క్రిందివారిపై వేడిని క్రుమ్మరించును. ఇదివఱకే వేయించినవారు దానిపై కొబ్బరిమట్టలు పఱచి కట్టినచో కొంత ఉపశమనము కలుగును.

అన్నిటికంటె చౌకయైనది తాటాకు లేక కొబ్బరాకు పందిరియే. సరుగుడు గుంజలను రెండడుగుల లోతున పాతి, పాతు భాగమునకు తారు పూసినచో చెద త్వరగా అంటదు. అడ్డకఱ్ఱలకు పచ్చి వెదురును రెండుమూడు వారములు చెఱువునీట నానవేసి, నీడన ఆరబెట్టి వాడుడు. వెదురులోని పిండిపదార్థము నీటిలోనికి పోవుటచే పుచ్చుపురుగు దానిని అంతగా ఆశింపదు. ఇది మన పెద్దలెఱిగిన పనియే. తొందరచే మనము మానితిమి.

పందిరి వేయువారు తఱచుగా మఱచునది పడమటి దిక్కు. మే నెల మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన ఉండును గనుక పైకప్పు చాలును. మూడు గంటలు దాటిన పిమ్మట ఎండ ఏటవాలుగా కప్పు క్రిందికి దూఱి గోడను కాల్చును. ఆ గోడ రాత్రి చాలసేపు వేడిని విడుచుచుండును. పడమట నొక తాటాకు తడికను వ్రేలాడగట్టి, ప్రొద్దున ఎత్తి, మధ్యాహ్నము దింపుకొనవలెను.

నేను ఒక యేడు బద్ధకించి ప్లాస్టిక్ టార్పాలినును గుంజలకు బిగించి కట్టితిని. క్రింద గాలి యాడక ఉక్కపోసెను. ఒకనాటి సాయంకాలపు గాలిదుమారమునకు అది తెరచాపవలె ఉబ్బి రెండు గుంజలను పెకలించెను. మా తల్లిగారు అప్పుడే లోనికి వెళ్ళియుండుటచే ప్రమాదము తప్పినది. షేడ్ నెట్ అను ఆకుపచ్చని నీడవలకు ఈ భయము తక్కువ. గాలి దానిగుండ పోవును. 35, 50, 75, 90 శాతములని దొరకు రకములలో ఆ సంఖ్య ఎంత వెలుతురు ఆగునో తెలుపును. నారుమళ్ళ కొఱకు తెచ్చిన 35, 50 శాతముల వల మనుష్యులకు చాలదు, 75 కొనుడు. అంచును మడిచి త్రాడు దూర్చి కట్టుడు. కన్నములు పొడిచి కట్టినచో అచ్చటనే చినుగును. సభ్యులు కొందఱు కలిసి ఒక చుట్ట తెప్పించుకొని కోసి పంచుకొనవచ్చును.

నా మనసునకు నచ్చినది మాత్రము తీగపందిరి. జనవరిలో గుంజల మొదళ్ళయందు ఆనపగాని బీరగాని విత్తి, బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వృథాపోనీయక పోయుచుండినచో ఏప్రిలునాటికి నీడయు కూరయు రెండును దక్కును. దొండకు విత్తనముతో పనిలేదు. ముదురు తీగముక్కలు నాటిన చాలును. కత్తిరించినను మరల చిగిర్చి ఏండ్లతరబడి కాయును. తీగ ఇంకను అల్లుకొనని చోట మట్టలు కప్పుకొనుడు.

ఆకుపందిరి క్రింద పొయ్యి పెట్టకుడు. కరెంటు తీగ ఆకును తాకకుండ చూడుడు. తొలకరి పడగానే నానిన ఆకును దింపి ఎరువుగుంటలో వేసి, వెదురును ఆరబెట్టి అటకపై దాచినచో మఱుసటి యేడు ఆకు ఖర్చు మాత్రమే మిగులును.